కణాలను నిద్ర లేపే గంట



కొత్తవలసలో కిరండోలు రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకొంటూ, బొర్రా గుహలు దాటి అరకులోయ చేరినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. చలికాలంలో అక్కడి వలిసె చేలు పసుపు ఆరబోసినట్లుంటాయి. అది చూడవచ్చినవాళ్లకు కనిపించే అరకు. ఆ కొండల వానాకాలం వేరు. వానతోపాటే చలిజ్వరం కూడా దిగుతుంది. నేను ఉద్యోగం చేసిన చివరి యేళ్లలో మా వసతి పాఠశాలలో పిల్లవాడెవడైనా వణుకుతూ ముడుచుకొని పడుకొంటే, ఊళ్లోని ఆశా కార్యకర్త ఒక చిన్న తెల్లని ప్లాస్టిక్ పలక పట్టుకొని వచ్చేది. వేలు పొడిచి ఒక చుక్క రక్తం దానిమీద వేసేది. బుడ్డిలోని ద్రవం కొన్ని చుక్కలు పోసేది. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచేసరికి పలకమీద ఎర్రని గీత పడుతుంది. ఒక్క గీతే పడితే పలక సరిగా పనిచేసింది, మలేరియా లేదు అని అర్థం. దాని పక్కన మరొక గీత కూడా తేలితే మలేరియా ఉన్నది.

ఆ గీత గీసింది ఎవరంటారు? చిట్టెలుక!

నవ్వకండి. ఎలుక ఒంట్లోకి ఏదైనా పరాయి పదార్థం వస్తే, దాన్ని గుర్తుపట్టి గట్టిగా పట్టుకొనే పదార్థాలు దాని రక్తంలో తయారవుతాయి. మీ ఒంట్లోనూ తయారవుతాయి. వాటినే ప్రతిరక్షకాలు అంటారు. డాక్టర్లు యాంటీబాడీలు అంటారు. తాళానికి దాని తాళంచెవి ఎట్లాగో, ప్రతిరక్షకానికి అది పట్టుకొనే పదార్థం అట్లా. మలేరియా క్రిమి విడిచే పదార్థాలను పట్టుకొనే ఎలుక ప్రతిరక్షకాలను తీసి, వాటికి కంటికి కనిపించనంత సన్నని బంగారు రేణువులు అంటించి ఆ పలకలో పెడతారు. బంగారం అంత సన్నపు రేణువులైతే పసుపుపచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. మీరు చూచే ఆ ఎర్రగీత నిజంగా బంగారమే. ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లలు వాడి పారేసిన పలకలకోసం చెత్తబుట్ట దగ్గరికి పరుగెత్తబోయారు. రక్తం అంటిన వస్తువులు ముట్టకూడదని ఆపవలసి వచ్చింది.

ఈ నెల నేను మీకు చెప్పదలచినది ఆ పలకలోని ప్రతిరక్షకం సంగతి కాదు, దాని చుట్టం సంగతి. దాని పేరు వింటే ఏ రైలు నంబరో అనుకొంటారు: 145-2సీ11. అది మందు కాదు. ఎలుకల కణాలను చదవటానికి పరిశోధనాలయాల్లో వాడుకొనే పనిముట్టు. అది నాకు ఎట్లా తెలియవచ్చిందో చెప్పాలంటే ముందు ఒక పిల్ల సంగతి చెప్పాలి.

2008వ సంవత్సరం. మా బడిలో ఏడో తరగతి చదివే ఒక కొండపిల్ల నెలరోజుల్లో చిక్కి సగమైంది. రెండు పూటలా కడుపునిండా తింటుంది, చెంబుల కొద్దీ నీళ్లు తాగుతుంది, రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది. గాలి సోకిందని ఇంటివాళ్లు తాయెత్తు కట్టించారు. అసలు సంగతి పట్టుకొన్నది మా ఆయా. ఆమెకు చదువు రాదు. "మేస్టారు బాబూ, ఆ పిల్ల వెళ్లొచ్చిన చోట చీమలు బారులు కడుతున్నాయి" అన్నది. చీమలు బారులు కట్టాయంటే మూత్రంలో చక్కెర పోతున్నదన్నమాట. ఆ సాయంత్రమే జీపులో ఎక్కించి, అనంతగిరి ఘాటు దిగి, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసికొనిపోయాం. మరి రెండు రోజులు ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరుగారు అన్నారు.

పెద్దవాళ్లకు వచ్చే చక్కెరజబ్బు మీలో చాలామందికి తెలిసిందే. పిల్లలకు వచ్చేది అది కాదు. మన కడుపులో జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉన్నది. అందులోని కొన్ని కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. ఇన్సులిన్ ఉంటేనే రక్తంలోని చక్కెర ఒంటికి పడుతుంది. ఈ పిల్లకు ఆ కణాలు చచ్చిపోతున్నాయి. వాటిని చంపుతున్నది ఏ క్రిమీ కాదు, ఆ పిల్ల రక్తంలోని కాపలా కణాలే!

మా హాస్టలులో అప్పుడు ఫ్రిజ్ లేదు. పెద్దకుండలో చిన్నకుండ పెట్టి, నడుమ ఇసుక పోసి తడిపి, ఇన్సులిన్ సీసా అందులో ఉంచేవాళ్లం. వారంలో ఆ పిల్ల తన సూది తానే పొడుచుకోవటం నేర్చింది. ఒకనాడు కుండ ఇసుక తడుపుతూ నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. "మేస్టారూ, నా కణాలే నన్నెందుకు కొట్టాయి?" అని ఒకటి. "మా తమ్ముడిక్కూడా వస్తుందా?" అని రెండోది. నేను చదివింది బీయస్సీ, బీయెడ్. నా పుస్తకాల్లో ఈ రెంటికీ జవాబు లేదు. ఆనాటినుంచి చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ దారి పోయి పోయి ఎలుకల దగ్గరికే చేరింది.

మన రక్తంలోని తెల్లకణాల్లో ఒక తెగ టీ కణాలు. రొమ్ముటెముక వెనుక థైమస్ అనే చిన్న గ్రంథి ఉన్నది. ఆ గ్రంథిలో పెరిగి బయటికి వస్తాయి గనుక, థైమస్ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరం పెట్టి టీ కణాలన్నారు. 1961 వరకు ఆ గ్రంథి ఎందుకున్నదో ఎవరికీ తెలియదు; దండగమారిదనే అనుకొనేవారు. ఆ యేడు లండన్‌లో జాక్ మిల్లర్ అనే పరిశోధకుడు అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లో దాన్ని తీసివేసి చూచాడు. ఆ ఎలుకలకు వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే ఊడిరాక అంటుకొని బతికింది. తనవారెవరో పరాయివారెవరో చెప్పేవాడు ఇంట్లో లేకుండా పోయాడన్నమాట.

టీ కణం ఎప్పుడూ మేలుకొని ఉండదు. నిద్రపోతున్నట్లుగా రక్తంలో తిరుగుతూ ఉంటుంది. దాని ఒంటిమీద ఒక గ్రాహకం ఉంటుంది. ఒక్కొక్క కణానికి ఒక్కొక్క తీరు గ్రాహకం. ఏ క్రిమి ముక్క దానికి సరిపోతుందో ఆ ముక్క తగిలితేనే కణం లేస్తుంది, మిగతావాటిని పట్టించుకోదు. హాజరుపట్టీ పిలిచేటప్పుడు మీరు ఊరుకొని, మీ పేరు రాగానే "ఉన్నానండీ!" అన్నట్లు.

ఇక్కడే శాస్త్రజ్ఞులకు చిక్కు వచ్చింది. కణం నిద్రలేవటం చూద్దామనుకొంటే, ఏ ఒక్క పేరు పిలిచినా లేచేది లక్షకు ఒకటో, పది లక్షలకు ఒకటో. తక్కినవి కదలవు. ఆ ఒక్కదాన్ని ఎక్కడ వెతికేది?

మా బడి గంట ఒక రైలుపట్టా ముక్క. చింతచెట్టుకు వేలాడదీశాం. దానిమీద ఇనుపచువ్వతో కొడితే ఏ తరగతి, ఏ పేరు అని లేకుండా అందరూ లేచేవారు. టీ కణాలకూ అటువంటి గంట ఒకటి కావలసివచ్చింది. గ్రాహకాలు వేరువేరు అయినా, ప్రతి టీ కణంలోనూ గ్రాహకాన్ని అంటిపెట్టుకొని సీడీ3 అనే పదార్థం ఉంటుంది. అది అన్ని టీ కణాల్లోనూ ఒకటే. దాన్ని పట్టి కుదిపే ప్రతిరక్షకం దొరికితే అదే బడిగంట.

అటువంటి గంటను చిట్టెలుకల కణాలకు దొరికించినది 1987లో, అమెరికాలోని బెథెస్డా పట్టణంలో, జెఫ్రీ బ్లూస్టోన్, ఒబెర్డాన్ లియో, వారి తోటి పరిశోధకులు. ఎలుక సీడీ3ను పట్టే ప్రతిరక్షకాన్ని ఎలుకలోనే తయారుచేయటం కష్టం. తన ఒంటిలో ఉన్నదాన్ని ఎలుక పరాయిదనుకోదు గదా! అందుకని ఆర్మీనియా హామ్‌స్టర్‌ను ఎంచుకొన్నారు. హామ్‌స్టర్ అంటే ఎలుకకు దూరపు బంధువు. పొట్టి తోక, బుగ్గల్లో గింజలు దాచుకొనే సంచులు. దానికి ఎలుక టీ కణాలు సూదితో ఎక్కించారు. అది వాటిని పరాయివిగా చూచి ప్రతిరక్షకాలు తయారుచేసింది.

అయితే ప్రతిరక్షకాలు చేసే కణాలను బయటికి తీస్తే నాలుగైదు రోజుల్లో చచ్చిపోతాయి. దీనికి ఉపాయం 1975లోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు కనిపెట్టారు. చావు ఎరుగని ఒక కేన్సరు కణంతో ఆ కణాన్ని కలిపివేశారు. పుట్టిన జంటకణం ఒకరి దగ్గర ప్రతిరక్షకం చేసే విద్యనూ, మరొకరి దగ్గర చావని గుణాన్నీ తీసికొన్నది. వాళ్లు ఆ ఉపాయానికి పేటెంటు తీసికోలేదు. 1984లో నోబెల్ బహుమానం మాత్రం వచ్చింది. మలేరియా పలకలోని ప్రతిరక్షకాలూ ఆ ఉపాయంతో వచ్చినవే. మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007 నుంచి అమ్ముతున్న రిటుక్సిమాబ్ అనే కేన్సరు మందు కూడా ప్రతిరక్షకమే.

ఇటువంటి జంటకణాలను చిన్న చిన్న గుంటలున్న పళ్లెంలో గుంటకొకటి చొప్పున వేసి పెంచుతారు. పళ్లెంలో ఎనిమిది వరుసలు, వరుసకు పన్నెండు గుంటలు. వరుసలకు ఇంగ్లీషు అక్షరాలు, గుంటలకు అంకెలు. వీటి పేర్లు సాధారణంగా అట్లా పుట్టినవే. 2సీ11 అంటే రెండో పళ్లెం, సీ వరుస, పదకొండో గుంట. మూడో బెంచీలో పదకొండో పిల్లవాడు అన్నట్లు. ఆ పదకొండో గుంటలోని కణం ఇచ్చిన ప్రతిరక్షకమే ఈనాటికీ ప్రపంచంలోని పరిశోధనాలయాలెన్నో వాడుకొంటున్నాయి.

ఎట్లా వాడతారో వినండి. పళ్లెం గుంట అడుగుకు ప్రతిరక్షకాన్ని అంటుకొనేట్లు ఒక రాత్రి ఉంచుతారు. కడిగివేసి, ఎలుక ప్లీహంలోని టీ కణాలను వేస్తారు. వాటికి ఆహారంగా పోసే ద్రవం ఎర్రగా ఉంటుంది. ఒంటి వేడితో ఉన్న పెట్టెలో పెడతారు. కొద్ది గంటల్లో కణాల ఒంటిమీద సీడీ69 అనే కొత్త గుర్తు మొలుస్తుంది. నిద్ర లేచిందని ఆనవాలు. మర్నాటికి కణాలు ఉబ్బుతాయి. రెండుమూడు రోజుల్లో ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగి గుత్తులు కడతాయి. అన్ని కణాలు తిని ఊపిరి పీల్చేసరికి ఆ ద్రవం పులిసి ఎరుపు పోయి పసుపు అవుతుంది. వంగి చూడనక్కరలేదు, దూరంనుంచే తెలుస్తుంది, గంట మోగిందని.

గంట ఒక్కటే చాలునా? చాలదు. పదో తరగతి పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాల పెట్టెను పోలీస్ స్టేషన్‌లో ఉంచుతారు. దానికి రెండు తాళాలు. చెవులు ఇద్దరి దగ్గర. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకొంటుంది. నేను ఎన్నోసార్లు అందులో ఒక చెవి పట్టుకొని తెల్లవారుజామున మంచులో నడిచిపోయాను. టీ కణానికీ రెండు తాళాలున్నవి. సీడీ3 ఒకటి, సీడీ28 రెండోది. జేమ్స్ ఆలిసన్ ప్రయోగశాలవారు 1992లో ఎలుక కణాలతో దీన్ని చక్కగా చూపారు. మొదటి చెవి మాత్రమే తిప్పితే కణం లేవదు సరిగదా, మొద్దుబారిపోతుంది. ఆ తరువాత పేరు పెట్టి పిలిచినా పలకదు. రెండు చెవులూ తిరిగితేనే నిజంగా మేలుకొంటుంది.

రెండు తాళాలు ఎందుకు పెట్టినట్లో 2006 మార్చిలో లండన్‌లో తెలిసివచ్చింది. మొదటి చెవి లేకుండానే సీడీ28ను తిప్పి కణాలను లేపగల ఒక కొత్త ప్రతిరక్షకాన్ని ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు మొదటిసారి ఇచ్చారు. కోతులకు ఇస్తే ఏమీ కాలేదు. ఈ ఆరుగురికి గంటన్నరలో ఒళ్లంతా మంటలు లేచాయి. అవయవాలు పనిచేయటం మానివేశాయి. ఆరుగురూ బతికారు, కాని చావుదాకా పోయి వచ్చారు. ఎలుకకు, కోతికి పనికివచ్చింది మనిషికి పనికివస్తుందని నమ్మరాదు. కొత్త మందుల పరీక్షల నియమాలు ఆ తరువాత బిగించారు.

ఇక ఆ పిల్ల మొదటి ప్రశ్న. 1980లో జపానులో లావెక్కకుండానే చక్కెరజబ్బు వచ్చే ఒక ఎలుక జాతి బయటపడింది. వాటికి వచ్చే జబ్బు పిల్లలకు వచ్చేదానివంటిదే. టీ కణాలే క్లోమాన్ని కొడతాయి. 1994లో పారిస్‌లో లూసియెన్ షాటెనూ, జాన్ ఫ్రాన్స్వా బాక్, మరి ఇద్దరూ అప్పుడే జబ్బుపడ్డ ఆ ఎలుకలకు మన 145-2సీ11ను ఐదురోజులపాటు ఇచ్చారు. గంట కొడితే కణాలు మరింత రేగాలి గదా? రేగలేదు. చాలా ఎలుకల్లో జబ్బు వెనక్కు తగ్గింది, నెలల తరబడి తిరిగి రాలేదు! రెండో చెవి లేకుండా గంట మోగిస్తే క్లోమాన్ని కొట్టే కణాలు కొన్ని నశించాయి, కొన్ని అలసి మొద్దుబారాయి. తగవు తీర్చే టీ కణాలని మరొక రకం ఉన్నాయి, వాటిది పైచేయి అయింది. నిద్రలేపే పనిముట్టే నిద్రపుచ్చింది. ఇది నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

"ఎలుకలకు బాధ కాదా మేస్టారూ?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. అవుతుంది. అందుకే మన దేశంలో 1960లో జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టం చేశారు. ఎలుకను ముట్టుకోబోయే ప్రతి సంస్థా ఒక సంఘం అనుమతి తీసికోవాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, తక్కువతో సరిపోదా అని ఆ సంఘం అడుగుతుంది. పాత్రల్లో పెంచిన కణాలతో పని జరిగేచోట ఎలుకను వాడకూడదు.

రెండో ప్రశ్నకు జవాబు రావటానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఎలుక గంట మనిషి కణాలకు మోగదు. మనిషి సీడీ3 కొంచెం వేరు. మనిషి సీడీ3ను పట్టే ప్రతిరక్షకం ఒకటి అంతకుముందే ఉండేది. 1986లో మూత్రపిండం మార్చినవాళ్లకు దాన్ని మందుగా ఒప్పుకొన్నారు. కాని అది ఇచ్చిన గంటల్లో చలిజ్వరం పట్టి కుదిపివేసేది. బ్లూస్టోన్, మరికొందరు దాన్ని మార్చి, మెత్తబరచి, టెప్లిజుమాబ్ అనే మందు చేశారు. జబ్బు ఇంకా బయటపడకపోయినా, రక్తంలో దాని గుర్తులు కనిపించిన 76 మందితో పరీక్ష జరిగింది. అందరూ చక్కెరజబ్బు ఉన్నవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బంధువులు. ఎక్కువమంది పిల్లలే. 14 రోజులు మందు ఎక్కించారు. 2019లో ఫలితం చెప్పారు: మందు లేనివారిలో సగంమందికి రెండేళ్లలో జబ్బు వచ్చింది, మందు పొందినవారిలో సగంమందికి రావటానికి నాలుగేళ్లు పట్టింది. 2022 నవంబరులో ఎనిమిదేళ్లు నిండినవారికి ఇవ్వవచ్చునని అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

రెండేళ్లేనా అనవచ్చు మీరు. పదేళ్ల పిల్లకు రెండేళ్లంటే రోజుకు రెండు చొప్పున పద్నాలుగువందల సూదులు తప్పినట్లు.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది, తల్లి అయింది. తమ్ముడికి జబ్బు రాలేదు. ఈ జబ్బు ఉన్నవారి తోడబుట్టినవారిలో నూటికి తొంభైమందికి పైగా రాదు. ఈ మందు సంగతి ఫోనులో చెబితే ఆమె అడిగిన మొదటి మాట, "ఎంతవుతుంది మేస్టారూ?" అమెరికాలో ఆ 14 రోజుల మందుకు పెట్టిన ధర మన లెక్కలో కోటిన్నర రూపాయలకు పైనే. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్సులిన్ కూడా మొదట్లో ఇంతే ఖరీదా?" అన్నది. కాదు. 1923లో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలకొక డాలరుకు ఇచ్చివేశారు. అయినా వందేళ్ల తరువాతకూడా ఇన్సులిన్ అందని పిల్లలు లోకంలో ఉన్నారు. ఈ కొత్త మందు మన కొండలకు ఎన్నాళ్లకు ఎక్కుతుందో లెక్క వేయటం నావల్ల కాదు. మీలో ఎవరైనా ప్రతిరక్షకాన్ని చవకగా తయారుచేసే దారి చూస్తే నాకు ఒక కార్డు రాయండి.

ఆ హామ్‌స్టర్ బతికేది మహా అయితే రెండుమూడేళ్లు. ఎప్పుడో పోయింది. దాని కణం మాత్రం పోలేదు. సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో, ద్రవ నత్రజనిలో, ఒక చిన్న గాజుగొట్టంలో ఉంచారు. తీసి వెచ్చచేస్తే కొద్దిరోజుల్లో లేచి, 1987లో చేసిన ప్రతిరక్షకాన్నే మళ్లీ చేస్తుంది. ఈపాటికి ఏదో ఒక పరిశోధనాలయంలో ఒక విద్యార్థి పెట్టె తలుపు తెరచి, గుంటలోని ఎర్రద్రవం పసుపు తిరిగిందో లేదో చూచుకొంటూ ఉంటాడు.